బడి తలుపు మూసిన రోజులు

గూడెం కొత్తవీధి. తూర్పు కనుమల్లో, కొండల నడుమ ఉన్న మండలం. చింతపల్లి దాటి ఇంకా పైకి వెళితే వస్తుంది. సీలేరు, దారకొండ, జెర్రెల ఈ మండలంలోనివే. ఒక పక్క కాఫీ తోటలు. ఇంకో పక్క పోడు చేలు. అప్పట్లో ఈ మండలం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

ఈ పాఠంలో ఒక మాస్టారు వస్తారు. ఆయనకు పేరు పెట్టలేదు. ఎందుకంటే ఆయన ఒక్క మనిషి కాదు. కరోనా రోజుల్లో ఏజెన్సీ టీచర్లకు ఎదురైన కష్టాలను ఒకచోట చేర్చి చెప్పుకునే కథ ఇది. తేదీలు, లెక్కలు మాత్రం నిజంగా జరిగినవే.

చదవండి. మీ ఊళ్ళో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

గంట మోగలేదు

2020 మార్చి 19. గురువారం. పిల్లలు పలకలు పట్టుకుని బడికి వచ్చారు. తలుపుకు తాళం వేసి ఉంది. మాస్టారు గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

“ఈ రోజు బడి లేదు. ఈ నెల 31 దాకా సెలవు” అన్నారు.

పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తారు. సెలవంటే ఎవరికి ఇష్టం ఉండదు? పెద్దవాళ్ళకు మాత్రం అర్థం కాలేదు.

“ఏటి మాస్టారూ, పరీక్షల ముందు సెలవేటి?” అని ఒక తల్లి అడిగింది.

“కరోనా అని కొత్త జబ్బు వచ్చిందమ్మా. దగ్గితే, తుమ్మితే, దగ్గరగా కూర్చుని మాట్లాడితే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. బడిలో పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు కదా. అందుకే మూసేరు.”

ఒక ఊళ్ళో వచ్చి పోయే జబ్బు కాదిది. దేశాలన్నిటికీ పాకింది. ఇలాంటి జబ్బును మహమ్మారి అంటారు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారి అని ప్రకటించింది. మార్చి 25 నుంచి మన దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగాయి. సంతలు ఆగాయి. ఏప్రిల్ వచ్చేసరికి ప్రపంచంలో 150 కోట్లకు పైగా పిల్లలకు బడి లేదు.

ఆశ్రమ పాఠశాలల పిల్లలు కూడా పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వచ్చేశారు. బడిలో పెట్టే అన్నం, గుడ్డు ఆగిపోయాయి. తరువాత ప్రభుత్వం బియ్యం, గుడ్లు, వేరుశనగ చిక్కీలు ఇళ్ళకే పంపింది.

అలా పదమూడు రోజుల సెలవు అనుకున్నది నెలలకు నెలలు సాగింది.

ఫోనులో బడి

బడి మూసినా చదువు ఆగకూడదు అనుకున్నారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు. రేడియోలో పాఠాలు చెప్పారు. పట్నంలో పిల్లలు ఫోనులో మాస్టారి ముఖం చూస్తూ పాఠం విన్నారు.

మరి కొండ మీద?

చాలా గూడేలకు సెల్ టవరు లేదు. ఫోను ఉంటే సిగ్నలు ఉండదు. సిగ్నలు ఉన్న గట్టు ఎక్కితే కరెంటు లేక ఛార్జింగు ఉండదు. అన్నీ ఉంటే, ఆ ఫోను తండ్రి జేబులో ఉంటుంది. తండ్రి పోడులో ఉంటాడు.

లాక్‌డౌన్ సడలించాక మాస్టారు నడక మొదలుపెట్టారు. సంచిలో సుద్దముక్కలు, కాగితాలు, నాలుగు కథల పుస్తకాలు. మూతికి గుడ్డ. మొదటి గూడెం దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. దారికి అడ్డంగా దుంగలు వేసి ఉన్నాయి. ఆ రోజుల్లో చాలా గూడేలు ఇలాగే కంచె కట్టుకున్నాయి. బయటివాళ్ళు వస్తే జబ్బు వస్తుందని భయం.

“మాస్టారూ, మీ మీద కోపం కాదు. మీరు నాలుగు ఊళ్ళు తిరిగి వత్తన్నారు. మా ముసలోళ్ళకు ఏటైనా అయితే డోలీ కట్టి మొయ్యాలి. ఆసుపత్రి ఎంత దూరమో మీకు తెల్దా?” అన్నాడు ఊరి పెద్ద.

మాస్టారికి కోపం రాలేదు. పెద్దాయన చెప్పింది న్యాయమే. ఆయన ఇంట్లో కూడా ముసలి తల్లి ఉంది. పిల్లల నుంచి తనకు అంటుకుని, తన నుంచి తల్లికి అంటుకుంటే? ఆ భయం ప్రతి టీచరుకూ ఉండేది. తరువాత 2021 ఎండాకాలంలో జబ్బు రెండోసారి విజృంభించింది. అప్పుడు మన రాష్ట్రంలో ఎందరో టీచర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

“సరే పెద్దాయనా. నేను లోపలికి రాను. ఆ చింతచెట్టు కింద కూర్చుంటాను. ఐదుగురేసి పిల్లల్ని పంపండి. దూరదూరంగా కూర్చోబెడతాను” అన్నారు మాస్టారు.

పెద్దాయన ఆలోచించాడు. పక్కవాళ్ళతో మాట్లాడాడు. “సరే” అన్నాడు.

అలా చెట్టు కింద బడి మొదలైంది. వారానికి రెండు రోజులు. రెండేసి గంటలు. వాన వస్తే అదీ లేదు.

టీవీకి రాని భాష

ఒక రోజు ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

“మాస్టారూ, మా చుట్టాలింట్లో టీవీ ఉంది. పాఠం చూడమని పంపేను. టీవీలో అమ్మగారు చాలా బాగా చెప్తన్నారు. కానీ మా పాపకు ఒక్క ముక్క అర్థం అవనేదు.”

“ఎందుకని తల్లీ?” అని మాస్టారు పాపను తెలుగులో అడిగారు. పాప తల దించుకుంది. మాట్లాడలేదు.

అప్పుడు మాస్టారు అదే మాట కువిలో అడిగారు. పాప గలగలా చెప్పడం మొదలుపెట్టింది. టీవీ పంతులమ్మ గబగబా మాట్లాడిందట. ఆగమంటే ఆగలేదట. మళ్ళీ చెప్పమంటే చెప్పలేదట.

తల్లి నవ్వింది. మాస్టారూ నవ్వారు. కానీ పాప చెప్పినదాంట్లో పెద్ద విషయం ఉంది. టీవీ అడిగితే ఆగదు. పిల్లకు అర్థమయిందో లేదో దానికి తెలియదు. ముఖం చూసి తెలుసుకునేది మనిషే. పిల్ల భాష తెలిసిన మనిషి అయితే ఇంకా త్వరగా తెలుసుకుంటుంది.

ఈ కొండల్లో కువి, ఆదివాసీ ఒరియా, తెలుగు వినిపిస్తాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయితే చిన్న పిల్లలు బెదిరిపోతారు. అందుకే 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర, కోయ, గోండి, కొలామి, లంబాడి ఆ భాషలు. ముందు ఇంటి భాషలో నేర్పి, దాని మీదుగా తెలుగులోకి తీసుకురావడం ఆ చదువు పద్ధతి. వాగు దాటేవాడికి మెట్టు రాయి ఎలాగో, పిల్లకు ఇంటి భాష అలాగ.

కొండల్లో అలజడి

జబ్బు ఒక్కటే అయితే సరిపోయేది. కానీ కొండల్లో వేరే అలజడి కూడా ఉంది.

ఈ నేలకు అలజడి కొత్త కాదు. 1922లో గూడెం తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనులతో రోడ్డు పని చేయించాడు. అడవి మీద ఆంక్షలు పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. గాం గంటం దొర, గాం మల్లు దొర ఆ పోరాటంలో ముందు నిలిచారు. 2015లో జెర్రెల కొండల్లో బాక్సైటు తవ్వకాలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. గిరిజనులు వద్దని ఉద్యమం చేశారు. 2019లో ఆ అనుమతి రద్దయింది.

చాలా ఏళ్ళపాటు ఈ అడవుల్లో మావోయిస్టులూ పోలీసులూ తలపడ్డారు. కరోనా రోజుల్లో కూడా అది ఆగలేదు. 2021 జూన్ 16న పక్కనే ఉన్న కొయ్యూరు మండలంలో, తీగలమెట్ట అడవిలో ఎదురుకాల్పులు జరిగాయి. ఆరుగురు మావోయిస్టులు చనిపోయారు. అలాంటి రోజుల్లో గూడేల వాళ్ళు అడవిలోకి వెళ్ళడానికే భయపడతారు. మరి కాలిబాటన నడిచే టీచరు?

“ఎక్కడికి? సంచిలో ఏముంది?” అని దారిలో అడుగుతారు. అడిగేది ఒకరోజు ఒకరు, ఇంకో రోజు ఇంకొకరు. మాస్టారు సంచి విప్పి చూపిస్తారు. సుద్దముక్కలు. అట్టముక్కల మీద రాసిన అక్షరాలు. చూపించి, మళ్ళీ సర్దుకుని నడుస్తారు. ఎవరి పక్షమూ మాట్లాడరు. పిల్లలు ఎదురుచూస్తుంటారు, వెళ్ళాలి అంటారు. అంతే.

ఎవరు టీచరు కావాలి?

ఆ రోజుల్లోనే ఇంకో వార్త వచ్చింది. లాక్‌డౌన్ మధ్యలో, 2020 ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది జీవో నంబరు 3 గురించి.

ఏమిటి ఈ జీవో? పూర్వం ఏజెన్సీ బడులకు ఎక్కువగా మైదానం నుంచి టీచర్లు వచ్చేవారు. దారి లేదు. మలేరియా భయం. భాష రాదు. కొందరు కష్టపడి నిలిచారు. భాష కూడా నేర్చుకున్నారు. కానీ చాలామంది సరిగా వచ్చేవారు కాదు. బడి ఉన్నా చదువు ఉండేది కాదు. అందుకని 2000 జనవరిలో ప్రభుత్వం జీవో నంబరు 3 తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని అందులో ఉంది. మన పాఠంలోని మాస్టారు కూడా అలా ఉద్యోగంలోకి వచ్చినవారే.

కోర్టు ఏమంది? నూటికి నూరు ఒక్కరికే ఇవ్వడం రాజ్యాంగం ఒప్పుకోదు అంది. మిగతా వాళ్ళకు కూడా అవకాశం ఉండాలి అంది. జీవోను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం తీసివేయలేదు.

గిరిజనులు ఏమన్నారు? మా పిల్లల భాష మాకు తెలుసు, మా ఊళ్ళో మేం ఉంటాం, బడి రోజూ తెరుస్తాం అన్నారు. మా చదువుకున్న పిల్లలకు ఉన్న ఒక్క ఉద్యోగం దారి మూసుకుపోతుంది అన్నారు. జీవో మళ్ళీ తేవాలని ఏజెన్సీలో ధర్నాలు, బంద్‌లు జరిగాయి. 2025 మే మొదట్లో కూడా ఇదే విషయం మీద ఏజెన్సీ బంద్ జరిగింది.

చూశారా? ఉద్యోగం ఎవరికి అన్న ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది. కొండ మీద చిన్న పిల్ల తల దించుకుని కూర్చుంటే, ఆమెతో ఆమె భాషలో మాట్లాడేది ఎవరు? వచ్చే టీచరు ఎక్కడివారైనా, ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి.

లెక్క కడదాం

బడి ఎన్నాళ్ళు మూశారు? ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల సంగతి చూద్దాం.

2020 మార్చి 19న బడులు మూశారు.
2020 నవంబరు 2న 9, 10 తరగతులు తెరిచారు. చిన్న పిల్లలకు తెరవలేదు.
2021 ఫిబ్రవరి 1న చిన్న పిల్లలకు తెరిచారు.
2021 ఏప్రిల్ 20న జబ్బు పెరిగి మళ్ళీ మూశారు.
2021 ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు.

మొదటి తేదీ నుంచి చివరి తేదీకి దాదాపు 17 నెలలు. అందులో ఎండాకాలం సెలవులు కూడా ఉన్నాయి. అయినా ఆ 17 నెలల్లో చిన్న పిల్లలకు బడి నడిచింది 11 వారాలు మాత్రమే. మూసినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, తెరిచినప్పుడు మూడో తరగతిలో కూర్చుంది. రెండో తరగతి ఎక్కడికి పోయింది? కాఫీ తోటలోకి పోయింది. మేకల వెంట పోయింది. చంటి తమ్ముడి ఉయ్యాల దగ్గర పోయింది.

జారిపోయిన అక్షరాలు

2021 ఆగస్టు 16. గంట మోగింది. మాస్టారు ఆ పాపకు పలక ఇచ్చారు.

“నీ పేరు రాయమ్మా” అన్నారు.

పాప సుద్దముక్క పట్టుకుంది. మొదటి అక్షరం రాసింది. ఆగింది. మాస్టారి ముఖం చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెట్టు కింద బడికి కూడా వానాకాలం తరువాత రాలేకపోయింది. తల్లికి జ్వరం వచ్చి ఇంటి పని మీద పడింది.

తల్లి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. “మాస్టారూ, ఇదివరకు మొత్తం రాసేది. ఎలాగ మరచిపోయింది?”

ఎలాగో మీకు తెలుసు. మీరూ అక్షరాలు నేర్చుకున్నవారే. పంట పనుల్లో పడి రెండు నెలలు పుస్తకం ముట్టకపోతే ఏమవుతుంది? గుణింతం తడబడుతుంది. ఒత్తులు కలిసిపోతాయి. కొడవలి వాడకపోతే తుప్పు పడుతుంది. అక్షరమూ అంతే. అది పాప తప్పు కాదు. తెలివి తక్కువా కాదు. వాడే చోటు లేకపోయింది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. మన దేశంలో పల్లెల్లో అసర్ అనే సర్వే జరుగుతుంది. మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటారు. 2018లో వందమందిలో 27 మంది చదివారు. కరోనా తరువాత, 2022లో 20 మందే చదివారు. కానీ 2024లో మళ్ళీ 27 మంది చదివారు. అంటే ఏమిటి? జారిపోయిన అక్షరం తిరిగి వస్తుంది. దానంతట అది రాదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పితే వస్తుంది.

మాస్టారు మూడో తరగతి పుస్తకం పక్కన పెట్టారు. “నెల రోజులు పాత పాఠమే” అన్నారు. పెద్ద పిల్లలను చిన్న పిల్లల పక్కన కూర్చోబెట్టారు. కువిలో కథ చెప్పించారు. ఆ కథలోని మాటలనే తెలుగు అక్షరాలతో రాయించారు. దీపావళి వచ్చేసరికి పాప తన పేరు రాసింది. తల్లి పేరు కూడా రాసింది.

ఊరు ఏం చేయగలదు?

జబ్బులు మళ్ళీ రావచ్చు. బంద్‌లు రావచ్చు. వాగులు పొంగవచ్చు. మనం ముందే సిద్ధంగా ఉండాలి.

ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అనే దేశం ఉంది. అక్కడ ఎబోలా అనే జబ్బు వచ్చి, 2014లో తెరవవలసిన బడులు 2015 ఏప్రిల్ దాకా తెరవలేదు. ఆ నెలల్లో అక్కడివాళ్ళు రేడియోలో పాఠాలు చెప్పారు. బడి మూసినా పాఠం ఊరికి చేరే దారి వెతికారు. మన ఊళ్ళో ఆ దారి ఏది? చెట్టు నీడ ఉంది. చదువుకున్న యువకులు ఉన్నారు. చదవడం నేర్చుకున్న మీరు ఉన్నారు.

చట్టం కూడా మన వైపు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలి. ప్రతి ప్రభుత్వ బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. టీచరుకు బడి పని తప్ప వేరే పని పెట్టకూడదు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం మాత్రం మినహాయింపు.

ఆ కమిటీలో మీరు కూర్చోండి. టీచరు రాకపోతే అడగండి. వచ్చే టీచరుకు తోడుగా ఉండండి. భాష రాకపోతే నేర్పండి. సంచి మోసుకుని కొండ ఎక్కే మాస్టారికి ఊరు ఇవ్వగలిగిన బలం అదే.

ఆ పాప తల్లి ఇప్పుడు రాత్రి పూట కూతురి పక్కన కూర్చుంటుంది. కూతురు చదువుతుంది. తల్లి వేలు పెట్టి అక్షరం వెంట నడుస్తుంది. తడబడిన చోట ఇద్దరూ ఆగుతారు. మళ్ళీ మొదటి నుంచి చదువుతారు.

మాటలు – అర్థాలు

మహమ్మారి: చాలా దేశాలకు పాకే జబ్బు
అలజడి: గొడవ, అశాంతి
జీవో: ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు
తీర్పు: కోర్టు చెప్పే నిర్ణయం
మినహాయింపు: నియమం వర్తించని సందర్భం

ఆలోచించండి

1. ఊరి పెద్ద మాస్టారిని ఎందుకు ఆపాడు? మీరైతే ఏం చేసేవారు?
2. టీవీ పాఠం పాపకు ఎందుకు అర్థం కాలేదు?
3. జీవో నంబరు 3 మీద కోర్టు ఏమంది? గిరిజనులు ఏమన్నారు? మీ బృందంలో మాట్లాడుకోండి.
4. కరోనా రోజుల్లో మీ ఊళ్ళో బడి మానేసిన పిల్లలు ఎంతమంది? వారిలో తిరిగి రానివారు ఉన్నారా?

చేయండి

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఒక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ పాఠంలో ఒక పేరా ఆ బిడ్డ చేత చదివించండి. తరువాత మీరు చదవండి. రోజూ ఒక పేరా.